సహ సభ్యులకు ఓటు రావాలంటే ఎవరి సంతకం ఉండాలి?

రుషికుల్య (బరంపురం)

ఒడిశాలో ఉన్న మా తెలుగు సంఘం పేరు రాయను. ఊళ్లోవాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది, బయటివాళ్లకు అవసరం లేదు. నియమావళి సవరణల ముసాయిదా రాసే పని ఈసారి నా మెడకు పడింది. అన్నీ సాఫీగానే సాగాయి కానీ ఒక్క చోట కలం ఆగింది. మాకు ఏటా చందా కట్టే సాధారణ సభ్యులు, ఒకేసారి రుసుము కట్టేసిన శాశ్వత సభ్యులు, ఓటు లేని సహ సభ్యులు, ఏమీ కట్టనక్కర లేని గౌరవ సభ్యులు ఉన్నారు. ఒక రకం నుంచి మరో రకానికి మారడం గురించి పాత నియమావళిలో ఉన్నది ఒకే ఒక్క మాట: "తగు రీతిని మార్చవచ్చును." ఆ తగు రీతి ఏమిటో రాసినవారు చెప్పలేదు. అడుగుదామంటే ఇప్పుడు వారు లేరు.

కిందటి ఎన్నికల్లో నామినేషన్లకు మూడు రోజుల ముందు, ఒక్క సాయంత్రంలో పదిహేడు మంది సహ సభ్యులు శాశ్వత సభ్యులయ్యారు. రసీదులు ఉన్నాయి, డబ్బు బ్యాంకులో పడింది, కార్యదర్శి సంతకం ఉంది. తప్పు అనడానికి నియమమే లేదు. గెలుపు తేడా పదకొండు ఓట్లు. అప్పటి నుంచి మా వీధిలోనే రెండు ఇళ్లవాళ్లు ఎదురుపడితే పలకరించుకోవడం లేదు.

నా ప్రతిపాదన ఇది: ఏ మార్పు అయినా కార్యవర్గ సమావేశంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే చెల్లాలి. మీరేమంటారు?

పాత రసీదు (బరంపురం)

నేను ఆరేళ్లు కార్యదర్శిగా చేశాను కాబట్టి చెబుతున్నాను. కార్యవర్గం కూడడమే గగనం. వేసవిలో సగం మంది విశాఖలోనో హైదరాబాదులోనో పిల్లల దగ్గర ఉంటారు. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర వచ్చిందంటే మిగతా సగమూ దొరకరు. కోరం లేక వాయిదా, వాయిదా మీద వాయిదా. ఈలోగా దరఖాస్తు పెట్టిన మనిషి విసిగిపోయి, "మీ సంఘానికో దండం" అని వెళ్లిపోతాడు. అలా పోయినవాళ్లు నాకు తెలుసు.

సాధారణ సభ్యుడు శాశ్వత సభ్యుడు కావడానికి ఏం కావాలి? డబ్బు. కట్టాడు, రసీదు తీసుకున్నాడు. టికెట్ కొన్నవాడు బస్సు ఎక్కడానికి తోటి ప్రయాణికులు మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలా? కార్యదర్శి సంతకం చాలు.

లెక్కలవాడు (ఛత్రపురం)

బస్సు పోలిక బాగుంది. కానీ పాత రసీదు గారూ, ఈ బస్సులో డ్రైవరును ఎన్నుకునేది ప్రయాణికులే. ఎన్నుకునే పూట పదిహేడు మందిని వెనక తలుపు నుంచి ఎక్కిస్తే ముందు నుంచి కూర్చున్నవాళ్లు ఊరుకుంటారా?

డబ్బు కడితే అయిపోయిందన్న మాట కూడా సగమే నిజం. శాశ్వత సభ్యత్వ రుసుము ఖర్చు పెట్టుకునే డబ్బు కాదు. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి వడ్డీ మాత్రమే వాడుకోవాలి. ఆ మనిషి బతికినంత కాలం సంఘానికి అతని నుంచి వచ్చే చందా ఆ వడ్డీయే. రుసుము ఎప్పటిదో పాతదే ఉంచి, అడిగినవారందరినీ శాశ్వత సభ్యులను చేస్తూ పోతే ఏటేటా వచ్చే చందా తగ్గిపోతుంది, వడ్డీ భవనానికి సున్నం వేయించడానికి కూడా చాలదు. అందుకే ఈ మార్పు కోశాధికారి కంటపడకుండా జరగకూడదు.

ఇక చట్టం సంగతి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, మూడు నెలలకు మించి చందా బకాయి పడినవారికి ఓటు లేదు, వారు సభ్యుల లెక్కలోకే రారు. మరి ఆ పదిహేడు మంది పాత బకాయిలు ఏమయ్యాయో ఎవరైనా చూశారా?

ఇచ్ఛాపురం వైపు

దీనికి ఇంత తర్జనభర్జన ఎందుకు? మా దగ్గర 2001 చట్టం ఉంది. మా సంఘం నియమావళి దాని ప్రకారమే రాయించాము. కాపీ పంపుతాను, పేర్లు మార్చుకుని మీరూ అదే పెట్టేసుకోండి.

లెక్కలవాడు

పంపండి, చదువుకుంటాం. పెట్టేసుకోవడం మాత్రం కుదరదు. 2001 చట్టం ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసినది. దానికి ముందు మీ కోస్తాలోనూ ఈ 1860 చట్టమే ఉండేది. ఒడిశాలో నమోదైన మాకు ఇప్పటికీ అదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశాను వేరు చేసి సరిహద్దు గీసినప్పుడు బంధుత్వాలు అటూ ఇటూ మిగిలాయి కానీ చట్టాలు చెక్‌పోస్టు దాటి రావు. బరంపురం సంఘం రిజిస్ట్రార్ కార్యాలయానికి మీ చట్టం పేరుతో కాగితం పట్టుకెళితే, గుమాస్తా నవ్వి టీ తాగి రమ్మంటాడు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరూ ఎవరు సంతకం పెట్టాలి అని కొట్టుకుంటున్నారు. దేన్ని చూసి పెట్టాలో ఎవరూ అడగడం లేదు.

మా ఊరి సంఘంలోనూ సహ సభ్యులు ఉన్నారు. మాతృభాష తెలుగు కానివారికి ఆ విభాగం. మా ఇంటి పక్క ఒక ఒడియా ఆడపడుచు ఉన్నారు, తెలుగింటికి కోడలిగా వచ్చారు. పెళ్లయ్యాక తెలుగు నేర్చుకున్నారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పిల్లలచేత పద్యాలు చెప్పించేది ఆవిడే. తొమ్మిదేళ్లుగా సహ సభ్యురాలే. సాధారణ సభ్యత్వానికి దరఖాస్తు పెడితే కార్యవర్గం ముందుకు వచ్చింది. అక్కడ ఒక పెద్దాయన, "అమ్మా, తెలుగు ధారాళంగా వచ్చినట్టు మేం ఎలా నమ్మాలి? ఒక పేజీ చదివి వినిపించండి" అన్నారు. ఆవిడ చదివారు, తడబడకుండా. "ఉచ్చారణ ఇంకా కుదురుకోవాలి" అని వాయిదా వేశారు. ఆ పెద్దాయన ఇద్దరు మనవలకూ తెలుగు అక్షరాలు రావు, ఒడియా మాధ్యమం చదువులు. వాళ్లు మాత్రం పద్దెనిమిదేళ్లు నిండగానే ఏ పరీక్షా లేకుండా సాధారణ సభ్యులవుతారు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి ఆయన. ఆయన పుట్టినరోజు నాడే మేం ఆవిడచేత పని చేయించుకుంటాం, ఓటు మాత్రం ఇవ్వం.

అర్హత ఏమిటో ముందు రాయండి. ఇన్నేళ్లు సహ సభ్యత్వం, బకాయి లేకపోవడం, ఇద్దరు సభ్యుల సిఫారసు, ఇలా కొలవగలిగినవే. "భాషాభిమానం", "సత్ప్రవర్తన" లాంటి మాటలు వద్దు. వాటిని ఉంచితే సంతకం కార్యదర్శిది అయినా కార్యవర్గానిది అయినా ఒక్కటే, ఇష్టమున్నవాళ్లకు తలుపు, లేనివాళ్లకు గోడ.

పాత రసీదు

మహేంద్రతనయ గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. నా హయాంలోనూ ఇలాంటిది ఒకటి జరిగింది. వివరం వద్దు.

బల్లార్‌పూర్ నుంచి

మాది కాగితం మిల్లు ఊరు, తాతల కాలంలో పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లం. మహారాష్ట్రలో ఇలాంటి సంఘాలు పబ్లిక్ ట్రస్టు కింద కూడా నమోదు కావాలి. ట్రస్టీలు మారితే 90 రోజుల్లోగా ఛారిటీ కమిషనర్ కార్యాలయానికి తెలపాలి. ఆ భయంతోనే మా పుస్తకాలు శుభ్రంగా ఉంటాయి. సభ్యత్వ మార్పుల విషయంలో మాది సులువైన పద్ధతి: దరఖాస్తుదారుడి పేరు పదిహేను రోజులు నోటీసు బోర్డు మీద ఉంటుంది. అభ్యంతరం ఉన్నవారు పేరు రాసి సంతకంతో ఇవ్వాలి. ఆకాశరామన్న ఉత్తరాలను చదవం. అభ్యంతరం రాకపోతే మార్పు జరిగిపోతుంది.

ఇంకో మాట. మీరంతా పైకి ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు, కిందికి దించడం మరిచారు. మా దగ్గర ఊరు వదిలి వెళ్లినవారిని చెప్పాపెట్టకుండా సహ సభ్యుల్లోకి నెట్టేశారు. ఒకాయన ఓటు వేయడానికి నాగపూర్ నుంచి వచ్చాక ఆ సంగతి తెలిసింది. పెద్ద రభస. ఎవరి హక్కు తగ్గిస్తున్నా ముందుగా ఉత్తరం రాయాలి, వాళ్ల జవాబు వినాలి.

పాత రసీదు

దించే విషయంలో మీరన్నది నిజం. బోర్డు మీద పేరు మాత్రం వద్దు బాబూ. మా ఊళ్లో బోర్డు మీద పేరు పెట్టి దానికి అభ్యంతరం వచ్చిందంటే పెళ్లి సంబంధాల దాకా పాకుతుంది.

లెక్కలవాడు

రెండు రోజులు ఆలోచించాను. సంతకం ఎవరిది అన్నదాని కంటే అది ఎప్పటి నుంచి చెల్లుతుంది అన్నదే అసలు ముడి. మార్పు ఏ రోజు జరిగినా సరే, ఓటు మాత్రం వచ్చే ఏప్రిల్ 1 నుంచి అనండి. ఎన్నికల ముందు రాత్రికి రాత్రి శాశ్వత సభ్యులను చేయాలన్న ఆశే పోతుంది. అప్పుడు డబ్బుతో తేలే మార్పులకు కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి సంతకాలు చాలు. ఓటు కొత్తగా ఇచ్చే మార్పు, ఉన్నది తీసేసే మార్పు, ఈ రెండూ కార్యవర్గానికి వెళ్లాలి. అక్కడ మామూలు మెజారిటీ చాలు, దరఖాస్తుదారుడి బంధువులు ఆ చర్చలో కూర్చోకూడదు. తిరస్కరిస్తే కారణం మినిట్స్‌లో రాయాలి.

మహేంద్రతనయ

కారణం రాయాలన్నది చేర్చినందుకు సంతోషం. దానితో పాటు గడువు కూడా పెట్టండి. అరవై రోజుల్లో ఏదీ తేల్చకపోతే ఆమోదించినట్టే అనుకోవాలి. లేకపోతే "ఉచ్చారణ కుదురుకోవాలి" అన్నవారు ఈసారి ఏమీ అనకుండా కూర్చుంటారు.

రుషికుల్య

అక్కడ మాత్రం ఒప్పుకోలేను. మౌనాన్ని ఆమోదం అంటే, కోరం కుదరనివ్వకుండా అరవై రోజులు నెట్టుకొచ్చే నేర్పు మా వాళ్లకు ఉంది. దరఖాస్తు సొరుగులో పడేస్తే చాలు, ఓటు పుట్టేస్తుంది. గడువు దాటితే సర్వసభ్య సమావేశానికి వెళ్లాలి అని రాస్తాను.

మహేంద్రతనయ

సర్వసభ్య సమావేశం ఏడాదికి ఒక్కసారి. దరఖాస్తు పెట్టింది మీ వాళ్లయితే ఇంత నిదానంగా రాస్తారా? కోపం తెచ్చుకోకండి, అడుగుతున్నాను.

రుషికుల్య

కోపం లేదు. అడగవలసిన ప్రశ్నే. మూడింట రెండు వంతులు తీసేస్తున్నాను, లెక్కలవాడు గారి తేదీ పెడుతున్నాను, కొలవలేని మాటలు కొట్టేస్తున్నాను. గడువు దగ్గర రెండు రకాలుగానూ రాసి, ఆదివారం కార్యవర్గం ముందు పెడతాను. ఆ పదిహేడు మంది విషయంలో మాత్రం కొత్త నియమాన్ని వెనక్కి లాగను. అప్పటి రాతలో తప్పు లేదు, లెక్కలవాడు గారు అడిగిన బకాయిల సంగతి తప్ప. అది చూడాలంటే పాత సభ్యత్వ రిజిస్టరు కావాలి.

పాత రసీదు

అది భవనంలో ఇనుప బీరువాలో ఉంది. తాళంచెవి కోశాధికారి దగ్గర. ఆయన మనవడి బారసాలకని విశాఖ వెళ్లారు.

లెక్కలవాడు

ఎప్పుడొస్తారు?

పాత రసీదు

సోమవారం.