ఎంబిరాకి సోడా మూతలు ఉంచాలా, తీసేయాలా?

సౌండ్‌డెస్క్: జింబాబ్వే షోనా ప్రజల ఎంబిరా (చెక్క పలక మీది ఇనుప రేకులను వేళ్లతో మీటే వాయిద్యం) రికార్డు చేసేటప్పుడు, దాని మోత పెంచే సొరబుర్ర అంచునా, పలక మీదా ఉన్న సోడా మూతల జరజర ముందుకొచ్చి స్వరాలను మింగేస్తోంది. మూతలు తీసేసి, పలకకి పికప్ (అంటించే చిన్న మైకు) పెడితే తప్పేమిటి?

తంత్రీనాదం: తప్పే. ఆ జరజర వాయిద్యంలో భాగం. తంబురాలో తీగ కింద దారప్పోగు ఎందుకు పెడతాం? అది తీసేసి "శుభ్రంగా ఉంది" అంటామా? ఎంబిరాకి 22 నుంచి 28 దాకా ఇనుప రేకులుంటాయి. రేకు మీటితే స్వరం, మూత అదిరితే దాని మీద ఇంకో పొర. మూతను గట్టిగా బిగిస్తే మూగబోతుంది, మరీ వదిలేస్తే స్వరం ఆగాక కూడా కొట్టుకుంటూనే ఉంటుంది. ముందు ఆ బిగువు సరిచూడండి. మైకు బుర్ర మూతికి ఎదురుగా పెడితే అంచున కట్టినవే ముందు ఎక్కుతాయి. అర మీటరు వెనక్కి జరిపి, పక్కకి తిప్పండి.

గవ్వలపాట: పూర్వం మూతలు కావు, గుల్లలు.

సౌండ్‌డెస్క్: గుల్లలైనా మూతలైనా నాకు కావలసింది ఎడమ బొటనవేలు మీటే మంద్ర స్వరాలు. అవి వినపడనప్పుడు సంప్రదాయం పేరు చెప్పి లాభమేంటి?

మెట్టతామర: పక్కన హోషో గిలక ఊపితే ఈ గొడవే ఉండదు. బుర్రలో గింజల మోత ముందు మూతలెంత!

తంత్రీనాదం: అసలు ఒక్కడితో రికార్డు చేస్తున్నారా? కుషౌరా, అంటే ముందు నడిచే వరస, ఒకరు, కుట్సిన్హిరా, అంటే దాన్ని వెన్నంటే వరస, ఇంకొకరు వాయించాలి. ఒకరి స్వరాల సందుల్లో రెండోవారివి పడతాయి. 12 చొప్పున నాలుగు భాగాలు, మొత్తం 48 దెబ్బలకి ఆవర్తం తిరుగుతుంది. ఒక్కడే వాయిస్తే సగం పాటే. మీ మూతల బాధ అంతా ఆ సగాన్ని తళతళలాడించడానికి!

సౌండ్‌డెస్క్: అంటే బయటివాళ్లు ముట్టుకోకూడదనేగా? 2020లో యునెస్కో జాబితాకెక్కింది, ఇక అందరిదీ. జింబాబ్వే గాయకుడు థామస్ మాప్‌ఫుమో 1970ల్లోనే ఆ వరసలను గిటార్ మీదకి తెచ్చాడు. ఆ గిటార్‌కి మూతలున్నాయా?

తంత్రీనాదం: ఆ జాబితాలో చేర్చింది తయారుచేసే, వాయించే విద్యను, మలావీ జింబాబ్వేలు రెంటి పేరునా. మాప్‌ఫుమో షోనాలో, విముక్తి పోరాటం నడుస్తుండగా, తన జనానికి పాడాడు. తీగల మోత ఆగేలా అరచెయ్యి ఆనించి మీటితే అది ఎంబిరా వరసేనని విన్నవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. నా గొడవ గిటార్‌తో కాదు. పెద్దల ఆత్మలను పిలిచే బీరా వేడుకలో కుటుంబమంతా రాత్రంతా కూర్చుంటుంది. చనిపోయిన పెద్ద బతికుండగా ఇష్టపడ్డ పాటే వాయిస్తారు, ఆ ఆత్మ స్వికిరో (పూనకం వచ్చే మనిషి) మీదకి వచ్చేదాకా. దయ్యాల పూజ అని క్రైస్తవ మిషన్లు దూరం పెట్టింది దీన్నే. చప్పట్లు, అడుగులు, గొంతులు కలిస్తేనే అది పాట. మీరు మూతలతో మొదలుపెట్టి మనుషులందర్నీ తీసేస్తున్నారు.

సౌండ్‌డెస్క్: ఆ మాట ముందే చెప్పాల్సింది. బీరాకి రానివాడికి ఆ పాట వినే దారే ఉండకూడదంటే మాత్రం ఒప్పుకోను. సరే, ఇద్దరితో, మూతలతో, మైకు జరిపి ఒక టేకు తీస్తాను.

తంత్రీనాదం: చప్పట్లు కొట్టేవాళ్లని కూడా పిలవండి. హోషోని అందరికంటే వెనక నిలబెట్టండి.