విన్‌లాండ్ సాగా రెండో సీజన్ లాంటివి చెప్పండి (యుద్ధం కాదు, కత్తి దించాక కథ)

నీలిరేఖ:
వైకింగుల కాలపు జపనీస్ యానిమే (యానిమేషన్ సిరీస్) విన్‌లాండ్ సాగా రెండు సీజన్లూ, మొత్తం 48 ఎపిసోడ్లు అయిపోయాయి. ఇలాంటివి ఇంకేమున్నాయని వెతికితే ఎక్కడ చూసినా యుద్ధాలు, రక్తపాతం ఉన్నవే వస్తున్నాయి. నన్ను పట్టుకున్నది అది కాదండీ. రెండో సీజన్లో థార్ఫిన్, ఐనార్ కలిసి అడవి కొట్టి, మోడులు పెకలించి గోధుమ వేస్తారు చూడండి, అది. చంపడం తప్ప ఏ పనీ రానివాడు ఇంకో పని నేర్చుకుంటాడు, చేసిన పాపం మాత్రం వాణ్ణి వదలదు. యానిమే అయినా సరే, మాంగా (జపనీస్ బొమ్మల కథ) అయినా సరే. నిదానంగా సాగినా ఫర్వాలేదు. స్పాయిలర్లు మాత్రం వద్దు.

వెనకపేజీ:
వేరేవాటికి వెళ్లేముందు దీని మాంగా చదివేయండి. యానిమే 100వ చాప్టర్ దగ్గర ఆగిపోయింది. మాంగా 2025లో 29 వాల్యూమ్‌లతో ముగిసింది, అంటే సగం పైన కథ ఇంకా తెర మీదికే రాలేదు. "పాపం వదలదు" అన్నారే, అసలు లెక్క అడిగే మనిషి వచ్చేది కూడా ఆ తర్వాతే. పేరు చెప్పను.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. మామూలు ఇంగ్లీషు హార్డ్‌బౌండ్లలో రెండు జపనీస్ వాల్యూమ్‌లు కలిపి ఒక పుస్తకం చేశారు. మీరు మొదలుపెట్టాల్సిన 15వ వాల్యూమ్ వాటిలో 8వ పుస్తకం. అట్ట మీది నంబరు కాదు, లోపలి చాప్టర్ నంబరు చూసి కొనండి.

ఇక మీరడిగిన దానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇనోవే తకెహికో వాగాబాండ్. 1998లో మొదలైంది, యానిమే లేదు. మొదట్లో అంతా ద్వంద్వ యుద్ధాలే, "నేనే అందరికంటే బలవంతుణ్ణి కావాలి" అనే పిచ్చి. చివరి వాల్యూమ్‌లకు వచ్చేసరికి అదే కత్తివీరుడు ముసాషి ఒక పాడుబడ్డ పల్లెలో ఇయోరి అనే పిల్లాడితో కలిసి బీడు దున్నుతుంటాడు. కత్తికి లొంగినట్టు నేల లొంగదు. నీళ్లను తను అనుకున్న దారిన పారించాలని చూస్తాడు, అవి వినవు. ఆ పేజీల్లో మాటలు తక్కువ, బురద, చేతులు, ఆకాశం ఎక్కువ. గబగబా తిప్పేస్తే ఏమీ మిగలదు.

అలాగని నేరుగా ఆ భాగానికి దూకకండి. ముందు అన్ని ప్రాణాలు తీసినవాడని తెలిస్తేనే ఆ దున్నడానికి బరువు. ఇంకోటి, 2015 నుంచి ఆగిపోయి ఉంది, 37 వాల్యూమ్‌ల దగ్గర ముగింపు లేకుండా. అయినా చదవమనే అంటాను.

ఫ్రేమ్24:
వాగాబాండ్‌కి నా ఓటు కూడా. యానిమేలో అయితే 1998 ట్రైగన్, 26 ఎపిసోడ్లు. తల మీద 6,000 కోట్ల డబుల్ డాలర్ల (ఆ కథలోని డబ్బు) వెల ఉన్న తుపాకీవాడు, ప్రాణం తీయనని ఒట్టు పెట్టుకున్నవాడు. చాలామంది నాలుగైదు ఎపిసోడ్లకే "ఇది కామెడీ" అని వదిలేస్తారు. 12వ ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి, అక్కణ్ణుంచి ఆ ఒట్టుకి పరీక్ష మొదలవుతుంది. 2023లో వచ్చిన ట్రైగన్ స్టాంపీడ్ వేరే, పాత్రలూ కథాక్రమమూ మార్చి చేసింది. మీకు కావాల్సింది పాతదే.

మాన్‌స్టర్ కూడా చూడండి, 74 ఎపిసోడ్లు. అక్కడ దారి తిరగబడి ఉంటుంది: ప్రాణాలు పోసే డాక్టర్ తుపాకీ పట్టాల్సి వస్తుంది. ప్రశ్న మాత్రం అదే, ఎవడి ప్రాణానికైనా ఒకే విలువ అని నమ్మినవాడు ఆ నమ్మకాన్ని ఎంతదాకా మోయగలడు?

పాతసంపుటి:
రురౌని కెన్షిన్ ఎవరూ చెప్పలేదేం? ఒకప్పుడు మనుషుల్ని చంపి, ఇక చంపనని ఒట్టు పెట్టుకున్నవాడు కెన్షిన్. అతని కత్తికి పదును లోపలి వంపు వైపు ఉంటుంది, మామూలుగా దూస్తే ఎదుటివాడికి తగిలేది మొండి వైపు. అలా పట్టినంతసేపూ పదును తనవైపే చూస్తుంది. పాత్ర మొత్తం ఆ ఇనుప ముక్కలో ఉంది.

పాత టీవీ సిరీస్ 95 ఎపిసోడ్లు, అందులో 62 తర్వాత వచ్చేవి మాంగాలో లేని కథలు. మీకు కావాల్సిన ప్రాయశ్చిత్తం భాగం దాంట్లో అసలు రాదు. మాంగా 18వ వాల్యూమ్ నుంచి 28 దాకా చదవండి. 1999 నాటి నాలుగు ఎపిసోడ్ల ఓవీఏ (టీవీలో కాక నేరుగా వీడియోగా వచ్చిన యానిమే) కూడా ఆ భాగంలోని గతమే, కాబట్టి మాంగా చదివాకే చూడండి.

నీలిరేఖ:
చాలా థాంక్సండీ. బెర్సెర్క్ అని చాలాచోట్ల చెబుతున్నారు, అది దీనికి సరిపోతుందా?

వెనకపేజీ:
గొప్ప మాంగా, కానీ ఇప్పుడు మీరడిగినదానికి కాదు. పగ కంటే పక్కనున్నవాళ్లు ముఖ్యమని హీరో గట్స్ తెలుసుకునే దారి అందులోనూ ఉంది, చాలా వాల్యూమ్‌ల తర్వాత. 1997 యానిమే ఆ దారి మొదలవకముందే ఆగిపోతుంది. లైంగిక హింస కూడా తీవ్రంగా ఉంటుంది, తెలిసి మొదలుపెట్టండి.

బెర్సెర్క్ ఎందుకు వస్తోందంటే, వెతికే చోట జతలు కలిపేది ఎక్కువగా మొదటి సీజన్ చూసి: కత్తులు, పాత యూరప్, పగ. యానిమేల వివరాలుండే మై యానిమే లిస్ట్ సైట్‌లో రెండో సీజన్‌కి వేరే పేజీ ఉంది. ఆ పేజీలోని రికమండేషన్లు తెరిచి, ఎంతమంది చెప్పారన్న అంకె వదిలేసి, కింద రాసిన కారణం చదవండి. "ఇందులోనూ యుద్ధాలున్నాయి" అని ఉంటే వదిలేయండి. "హీరో పశ్చాత్తాపం" గురించి రెండు వాక్యాలు రాసినవాళ్ల మాట పట్టుకోండి. అలాంటిదే ఇంకో సైట్ యానీలిస్ట్‌లో అయితే ట్యాగ్ (కథలోని విషయం పేరు) పక్కన అది ఎంత ఉందో చెప్పే శాతం ఉంటుంది. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో కనీస శాతం పెంచితే ఆ విషయం ఊరికే తగిలి వెళ్లేవి జాబితాలోంచి పోతాయి.

ఫ్రేమ్24:
ఒకటి మరిచాం. యుకిమురా మకోతో విన్‌లాండ్‌కి ముందు రాసిన ప్లానెటిస్, నాలుగే వాల్యూమ్‌లు. అంతరిక్షంలో చెత్త ఏరేవాళ్ల కథ. కత్తులుండవు గానీ, ఒకే లక్ష్యం తప్ప మనుషులే కనబడని కుర్రాడు ఉన్నాడు. థార్ఫిన్ ఎక్కణ్ణుంచి వచ్చాడో అక్కడ కనిపిస్తుంది. యానిమే 26 ఎపిసోడ్లు, అందులో తనాబే అనే అమ్మాయి మొదటి ఎపిసోడ్ నుంచే ఉంటుంది, మాంగాలో ఆలస్యంగా వస్తుంది. వాగాబాండ్ ఎత్తుకునే ముందు ఇది చదివేయండి, చిన్నది.