క్రిస్మస్ ఆరాధనలో నాలుగు స్వరాల క్వయర్ ఇంకా అవసరమా?

ఆల్టో సిస్టర్
అందరికీ వందనాలు. ఈ ప్రశ్న ఊరికే పెట్టలేదు. మా సంఘంలో ఈసారి క్రిస్మస్ ఈవ్ ఆరాధనకి క్వయర్ వద్దని కమిటీ తేల్చేసింది. యూత్ పిల్లలు ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిన సంగీతం, పెట్టుకుని పాడతారట, తెర మీద సాహిత్యం వేస్తారట. "క్వయర్ పాడుతుంటే జనం ఫోన్లు చూసుకుంటున్నారు" అని ఒక పెద్దాయన అన్నారు. నేను పెళ్లికి ముందు నుంచీ ఆల్టో పాడుతున్నాను. ఆడవాళ్ల పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో, మగవాళ్ల పై గొంతు టెనర్, కింది గొంతు బేస్, ఈ నాలుగూ కలిసి పాడే పాటకి క్రిస్మస్‌లో చోటు ఉండి తీరాలని నా వాదన.

ఎందుకంటే, ఆల్టో వరస ఒక్కటే విడిగా పాడి చూడండి. రెండు మూడు స్వరాల మధ్యే తిరుగుతుంది. వినేవాళ్లకి అది ఏ పాటో కూడా తెలియదు. పక్కన సొప్రానో, వెనక బేస్ చేరాకే అది పాట అవుతుంది. పొడుగు స్వరం పట్టాల్సిన చోట అందరం ఒకేసారి ఊపిరి తీసుకోం. పక్కనున్నామె తీసుకునేటప్పుడు నేను పట్టి ఉంచుతాను, నేను తీసుకునేటప్పుడు ఆమె. కింద కూర్చున్నవాళ్లకి స్వరం ఎక్కడా తెగదు. దేవుడు పైనుంచి మాట పంపి ఊరుకోకుండా తానే మనుషుల్లో మనిషిగా వచ్చాడని కదా మనం పండగ చేసుకునేది! ఆ సంగతి నాకు ప్రసంగాల్లో కంటే ఆ ఊపిరి పంచుకోవడంలోనే ఎక్కువ అర్థమైంది. ట్రాక్ ఎవరికోసమూ ఆగదు. ఒక చరణం తప్పితే మనల్ని వదిలేసి పోతుంది.

గుంటూరు బేస్
నూటికి నూరు పాళ్లు నిజం సిస్టర్.

కీస్ తమ్ముడు
అక్కా, ట్రాక్‌ని అంత మాట అనకండి. మా సంఘంలో టెనర్ ఇద్దరే, ఇద్దరూ రిటైరైనవాళ్లే. బేస్ అసలు లేదు. ప్రాక్టీస్ అని పిలిస్తే ఎవరూ రారు. పండగకి ముందే చేసుకునే సెమీ క్రిస్మస్‌కి కుర్రాళ్లు గుడికి వస్తున్నారంటే ఆ ట్రాక్ వల్లే వస్తున్నారు.

కంజిర
సిస్టర్ గారికి వందనాలు. మీ మాటలో భక్తి ఉంది, కాదనను. కానీ అసలు సంగతి వదిలేశారు. మీరు పాడుతుంటే సంఘం ఏం చేస్తోంది? కూర్చుని చూస్తోంది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారిలాంటివాళ్లు మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కట్టారంటే, ఒకరు పల్లవి ఎత్తుకుంటే గుడంతా అందుకోవాలనే. చదువు రానివాళ్లకి కూడా నోటికి వచ్చేస్తాయి. వాటిని తీసుకొచ్చి నాలుగు స్వరాల్లో పెడితే ఏమవుతుందో ఎప్పుడైనా చెవిపెట్టి విన్నారా? గమకం పోతుంది. స్వరం మీద ఊగాల్సిన గొంతు కింద కార్డు (కలిపి పలికే స్వరాల గుంపు) మారేసరికి బిగుసుకుపోతుంది. రాగం పేరు పైన ఉంటుంది గానీ పాటలో ఉండదు.

డిసెంబరు చలిలో మా ఊళ్లో క్యారల్స్‌కి తిరుగుతాం. వెదురు బద్దలతో కట్టిన స్టార్, ఒక డోలక్, నా కంజిర. ఇంటి ముందు పల్లవి మొదలెడతాం. తలుపు తీసిన ముసలమ్మ రెండో చరణానికి మాతో పాడుతుంటుంది. ఆమెకి ఎవరూ ప్రాక్టీస్ ఇవ్వలేదు. నాకు తెలిసిన క్రిస్మస్ ఆనందం అది. పండగ రోజున సంఘాన్ని ప్రేక్షకుల్ని చేసేది క్వయరే.

ఆల్టో సిస్టర్
కంజిర గారూ, వినడం తక్కువ పని అని ఎవరన్నారు? లూకా సువార్త 2వ అధ్యాయం తీయండి. పరలోక సైన్యసమూహం స్తోత్రం చేస్తుంటే కాపరులు విన్నారు. మొట్టమొదటి క్రిస్మస్‌కి క్వయర్ ఉంది, వినేవాళ్లూ ఉన్నారు. మా క్వయర్ హల్లెలూయా కోరస్ ఎత్తుకుంటే గుడంతా లేచి నిలబడుతుంది. నిలబడ్డవాళ్లు ప్రేక్షకులా?

కంజిర
అదే అధ్యాయం 20వ వచనం కూడా చదవండి. కాపరులు దేవుణ్ణి మహిమపరచుచు స్తోత్రము చేయుచు తిరిగి వెళ్లారు. విని ఊరుకోలేదు. దూతలు వెళ్లిపోయారు, పాట కాపరుల దగ్గర ఉండిపోయింది. గొర్రెలు కాసుకునేవాళ్ల పాట అది. మరి దానికి ఎవరు ప్రాక్టీస్ పెట్టారు?

వచనం వెంట
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. హల్లెలూయా కోరస్ క్రిస్మస్ పాట కాదు. అది హాండెల్ అనే సంగీతకర్త 1741లో రాసిన 'మెస్సీయ' అనే పెద్ద గానరచనలోది. దాంట్లో మూడు భాగాలుంటాయి. ఈ కోరస్ రెండో భాగం చివర్లో వస్తుంది. ఆ భాగం క్రీస్తు శ్రమలు, పునరుత్థానం, ఆయన రాజ్యం గురించి. మాటలు ప్రకటన గ్రంథంలోవి. పశువుల తొట్టికీ దానికీ సంబంధం లేదు. మొదటి ప్రదర్శన కూడా 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో జరిగింది, అంటే ఈస్టర్‌కి ముందు రోజుల్లో. డిసెంబరులో పాడటమే పొరపాటు.

ఆల్టో సిస్టర్
మొదటి భాగంలో చాలావరకు క్రిస్మసే కదా అండీ. యెషయా 9:6, "మనకు శిశువు పుట్టెను" అన్న వచనం మీద ఉన్న కోరస్ మేం ఏటా పాడతాం. ఆ డబ్లిన్ ప్రదర్శనకి వచ్చిన డబ్బు ఎక్కడికి పోయిందో కూడా చెప్పండి. అప్పులు కట్టలేక జైల్లో మగ్గుతున్నవాళ్లని విడిపించడానికి, ఆసుపత్రులకి ఇచ్చారు. క్వయర్ సంగీతం అంటే డబ్బున్నవాళ్ల ముచ్చట అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వచనం వెంట
నేను మొదటి భాగం గురించి మాట్లాడలేదు. హల్లెలూయా కోరస్ గురించి అన్నాను. అన్నట్టు ఆ లేచి నిలబడటం కూడా లేఖనంలో లేదు. లండన్‌లో రాజు రెండో జార్జి లేచాడని చెప్పుకుంటారు, ఆ కాలపు రికార్డుల్లో దానికి ఆధారం లేదు.

గుంటూరు బేస్
రాజు లేచినా లేవకపోయినా, నేను లేచేది ఆయన కోసం కాదు.

డాలస్ తెలుగు
ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. మా పిల్లలు స్కూల్ క్వయర్లో పార్ట్స్ పాడటం నేర్చుకుంటున్నారు. తెలుగు పాటని నాలుగు స్వరాల్లో ఇస్తే, తెలుగు చదవడం రాకపోయినా ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి వారంలో పాడేస్తున్నారు. కీర్తన ఇస్తే మాత్రం తాళం దగ్గరే ఆగిపోతున్నారు. నాకు కీర్తనలంటే ప్రాణం. పిల్లల నోట ఏదో ఒక తెలుగు పాట ఉంటే చాలనిపిస్తోంది.

కంజిర
తాళం నేర్పాల్సింది ఎవరండీ? మనమే. మనం నేర్పక, వాళ్లకి రాదనడం న్యాయం కాదు.

క్వయర్ లేకపోతే క్రిస్మస్ వెలితి అంటున్నవాళ్లకి ఒక మాట. ప్రపంచమంతా పాడే 'సైలెంట్ నైట్' 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలో ఒబెర్న్‌డోర్ఫ్ అనే చిన్న ఊరి గుళ్లో మొదటిసారి పాడారు. మాటలు రాసిన ఫాదర్ యోసెఫ్ మోర్, వరస కట్టిన బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్. ఇద్దరు మనుషులు, ఒక గిటార్.

ఆల్టో సిస్టర్
ఇద్దరు పాడితే చివరి పంక్తుల్ని క్వయర్ అందుకుంది. అది కూడా చెప్పండి. సగం చెప్పి వదిలేయకండి.

కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో 1918 నుంచి క్రిస్మస్ ఈవ్‌కి తొమ్మిది బైబిల్ పాఠాలు చదువుతూ మధ్యలో క్యారల్స్ పాడే ఆరాధన జరుగుతోంది. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. యుద్ధంలో సైన్యానికి పాదిరిగా పనిచేసి వచ్చిన మిల్నర్ వైట్ దాన్ని అక్కడ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ ఆరాధన ఒక్క పిల్లవాడి గొంతుతో మొదలవుతుంది. రెండో చరణానికి క్వయర్, ఆ తర్వాత గుడంతా. ఒక్క గొంతు, నేర్చుకున్న గొంతులు, అందరి గొంతులు, మూడూ ఒకే పాటలో ఉన్నాయి. నేర్చుకుని పాడేవాళ్లుంటే సంఘం నోరు మూతపడుతుందని మీకెవరు చెప్పారు?

కంజిర
కేంబ్రిడ్జి వద్దు సిస్టర్. మన దగ్గర మాట్లాడండి. ఎవరు చెప్పారంటున్నారు కాబట్టి చెప్తాను.

మా అమ్మ పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూలికి వెళ్లేది. మా ఊరి గుళ్లో పల్లవి ఎత్తేది ఆమే. మేం టౌనుకి మారాక అక్కడి పెద్ద గుళ్లో క్రిస్మస్ క్వయర్లో పాడతానని వెళ్లింది. గొంతు విని, "మొరటుగా ఉందమ్మా, మిగతావాళ్లతో కలవదు, మీరు కూర్చుని వినండి" అన్నారు. ఏ పేట నుంచి వచ్చామో అడిగాకే ఆ మాట అన్నారు. ఆ క్రిస్మస్‌కి అమ్మ వెనక బల్ల మీద కూర్చుంది. తనకి తెలిసిన కీర్తనే క్వయర్ నాలుగు స్వరాల్లో పాడుతుంటే నోరు తెరవలేదు. ఇంటికొచ్చాక కూడా పాడలేదు. మీరు "కలవడం" అంటే నాకు వినపడేది ఆ మాట.

మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో పని చేసినవాళ్లకి తిండి పెట్టి పాస్నెట్ దొరగారు కట్టించారని అందరం గొప్పగా చెప్పుకుంటాం. రాళ్లు మోసినవాళ్లు ఆ రోజు ఏ వరసలో నిలబడ్డారో నాకు తెలుసుకోవాలని ఉంది.

మంజీర తీరం
మాది మెదక్ దగ్గరే. అన్నా, మీ ప్రశ్న నిద్ర పట్టనివ్వదు.

వచనం వెంట
ఇది బాధాకరం. కానీ చర్చ హల్లెలూయా కోరస్ నుంచి పక్కకి పోయింది.

ఆల్టో సిస్టర్
కంజిర గారూ, మీ అమ్మగారితో అలా అనడం పాపం. అది సంగీతం చేసిన పని కాదు, ఆ మనుషులు చేసిన పని. ఒకరి కులం అడిగి గొంతు కొలిచేవాళ్లు కీర్తన పాడినా అదే చేస్తారు. మేం చదివే సోల్ఫా నొటేషన్, అంటే స్వరాల్ని అక్షరాల్లో రాసే పద్ధతి, ఇంగ్లండ్‌లో ప్రచారంలోకి వచ్చిందే గీతల మీద రాసే స్టాఫ్ చదవలేని కార్మికుల కోసం, సండే స్కూల్ పిల్లల కోసం. మీ అమ్మగారు నా పక్కన నిలబడితే నేను నేర్పేదాన్ని.

కానీ మీరు నన్ను ఆ టౌను గుళ్లో కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. నా సంగతి కూడా వినండి. మా సంఘంలో ప్రసంగం మగవాళ్లది. కమిటీ మగవాళ్లది. కానుకల లెక్క మగవాళ్లది. ఆడవాళ్లం బలిపీఠం దగ్గర నిలబడి నోరు తెరిచే చోటు క్వయర్ ఒక్కటే. ఇప్పుడు ట్రాక్ అన్నారు. మైకులు ఎన్ని? నాలుగు. ఎవరి చేతిలో? కుర్రాళ్ల చేతిలో. "సిస్టర్స్ వంట సంగతి చూసుకోండి, క్రిస్మస్ రోజు ప్రేమ విందు ఉంది కదా" అన్నారు నా మొహం మీద. మరియ పాడిన పాట లూకా మొదటి అధ్యాయంలో ఉంది. యేసు ఇంకా పుట్టకముందే ఒక పల్లెటూరి ఆడపిల్ల పాడింది. దేవుడు బలవంతుల్ని సింహాసనాల మీద నుంచి పడద్రోశాడని పాడింది. ఆ పాట గుళ్లో పాడే చోటు తీసేసి నన్ను వంటింట్లోకి పొమ్మంటే నేను ఊరుకోవాలా?

కంజిర
ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది సిస్టర్. నాలుగు స్వరాలనీ ఊపిరి అనీ మొదలెడితే నాకు ఆ టౌను గుడే కళ్ల ముందు కనపడింది. మీ మైకు లాక్కోవడం అన్యాయం. దాంట్లో నేను మీ వైపే.

కీస్ తమ్ముడు
కుర్రాళ్లు అంటే మాలాంటివాళ్లనే కాబట్టి నేనూ చెప్తాను. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు బేస్ నేర్చుకుంటానని క్వయర్ మాస్టారి వెంట తిరిగాను. సోల్ఫా కాపీలు బీరువాలో పెట్టి తాళం వేసేవారు. "పాడుచేస్తారు, పెద్దయ్యాక చూద్దాం" అనేవారు. ట్రాక్‌ని ఎవరూ బీరువాలో పెట్టలేదు, ఫోన్లో దొరికింది. దాంతో నేర్చుకున్నాం. ఇప్పుడు క్వయర్ పోతోందని మమ్మల్ని తిడితే ఎలా? ట్రాక్ శ్రుతి స్టూడియో సింగర్ గొంతుకి ఉంటుంది, మా గుళ్లో పెద్దవాళ్లకి అందదు, తెలుసు. అందుకే నేను కీబోర్డు మీద తగ్గించి వాయిస్తాను. ఎవరైనా పిలిచి నేర్పిస్తే రేపే బేస్ పాడతాను.

గుంటూరు బేస్
తమ్ముడూ, మీ ఊరేదో మెసేజ్ పెట్టు. నా దగ్గరున్న కాపీలు జిరాక్స్ తీసి పంపిస్తా.

డాలస్ తెలుగు
నాకూ ఒక సెట్ పంపండి అన్నా.

ఆల్టో సిస్టర్
ఆదివారం కమిటీ ఉంది. రాసుకుని వెళ్తున్నాను. క్వయర్ ఉండాలి. ప్రాక్టీస్ సాయంత్రం ఐదింటికి కాదు, రాత్రి ఎనిమిదికి పెట్టాలి, పనికి వెళ్లొచ్చేవాళ్లు రావాలంటే. ఆరాధనలో ఒక కీర్తన క్వయర్ ముట్టుకోకుండా సంఘానికే వదిలేయాలి, హార్మోనియం, డోలక్‌తో. ఆ పల్లవి ఎత్తడానికి మా గుళ్లో ఒక పెద్దావిడ ఉన్నారు, ఆమెనే అడుగుతాను.

కానీ గొంతు పరీక్ష మాత్రం ఉండాలంటాను. ఏ స్వరంలో నిలబడాలో తెలియకుండా పాడితే పక్కవాళ్లు కూడా తప్పుతారు. అది నా పట్టుదల అనుకోండి.

కంజిర
ఏ స్వరమో చెప్పడానికి పరీక్ష పెడితే నాకు అభ్యంతరం లేదు. నువ్వు పాడొద్దు అని చెప్పడానికి పెడితే ఉంది. క్రిస్మస్‌కి నోరు తెరిచినవాళ్లని వెనక్కి పంపే హక్కు ఎవరికీ లేదు, గొంతు ఎలా ఉన్నా సరే. పరీక్షలో తప్పినవాళ్లు ఎక్కడ నిలబడతారో ఆదివారం ఆ కాగితంలో రాసి తీసుకెళ్లండి. అది రాయకపోతే మీతో మళ్లీ వాదనకి వస్తాను.

ఆల్టో సిస్టర్
రండి. శ్రుతి కలవని గొంతుని నాలుగు స్వరాల పాటలో నిలబెట్టడానికి నేను ఒప్పుకోను, నేర్పిస్తానని మాత్రం రాస్తాను. కమిటీ ఏమందో సోమవారం ఇక్కడే పెడతాను.