డ్వాక్రా ఆడవాళ్ల నాయకత్వం కోసం డబ్బు పెట్టాలనుకుంటున్నాం, ఎలా పెట్టాలి?

ఒంగోలు_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు, పదకొండేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లం పద్నాలుగు మందిమి నెలనెలా కొంత వేసుకుంటూ వచ్చాం. ఇప్పటికి మన లెక్కలో పన్నెండు లక్షల దాకా పోగయ్యాయి.

మూడేళ్ల కిందట ఒక సంస్థ ద్వారా ఊళ్లో ఇరవై కుట్టుమిషన్లు ఇప్పించాం. శాలువాలు, ఫొటోలు అన్నీ బాగానే జరిగాయి. పోయిన సంక్రాంతికి వెళ్లి చూస్తే నడుస్తున్నవి నాలుగు. ఒకరింట్లో మిషను మీద దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. ఆ పిల్లని అడిగితే, "కుట్టించుకునేవాళ్లు ఎవరున్నారక్కా, అందరికీ మిషన్లు ఇచ్చారు కదా" అంది. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు.

మా అమ్మ డ్వాక్రా గ్రూపు లీడరుగా చేసింది, చదివింది ఏడో తరగతి. మొదటిసారి బ్యాంకుకి వెళ్లిన రోజు మేనేజరు గది బయట గంటన్నర నిలబడిందట. నేను టెన్త్‌కి వచ్చేసరికి అదే గదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, వడ్డీ లెక్కలో తేడా వచ్చింది చూడండి అని చెప్పేది. ఈసారి మా డబ్బు అలాంటి మార్పుకి పనికిరావాలని మా అందరి కోరిక. కానీ దేనికివ్వాలి? ఎవరి చేతికివ్వాలి? ఎన్నాళ్లివ్వాలి? మాలో ఇద్దరు ఒంగోలులో మూడు రోజుల నాయకత్వ శిక్షణ పెట్టిద్దాం అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. పల్లెల్లో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.

పాత_సీసీ:

అమ్మా, డ్వాక్రా గ్రూపులని చూసుకునే ప్రభుత్వ పథకం వెలుగు మొదలైన రోజుల నుంచి రిటైరయ్యేదాకా నెల్లూరు, ప్రకాశం వైపు మండలాల్లో సీసీగా, అంటే గ్రూపులతో తిరిగే కమ్యూనిటీ కోఆర్డినేటరుగా పనిచేశాను. మీ అమ్మగారు ఆ కుర్చీ లాక్కున్నారంటే కారణం ఏ శిక్షణా కాదు. పాసుపుస్తకం ఆమె చేతిలో ఉంది, సంతకం ఆమెది, తేడా వస్తే గ్రూపులో జవాబు చెప్పాల్సింది ఆమే. మన వైపు చరిత్ర చూసినా అంతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్లకి ఎవరో నాయకత్వం నేర్పలేదు, రాత్రి బడిలో కూర్చుని అక్షరాలు దిద్దుతూ ఆ మాట తమలో తాము మాట్లాడుకున్నారు. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరులో, రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు పాకింది.

ఇప్పుడు మీ డబ్బు సంగతి. లీడరుగా ఉండటానికి ఎంత ఖర్చవుతుందో ఎవరూ లెక్క వేయరు. బ్యాంకు, మండలంలోని గ్రూపులన్నీ కలిసిన మండల సమాఖ్య మీటింగు, వెలుగు ఆఫీసు కలిపి నెలకి మూడు నాలుగు రోజులు పోతాయి. ఆటో ఖర్చు ఒక ఎత్తు, ఆ రోజు కూలి పోవడం ఇంకో ఎత్తు. పొగాకు గ్రేడింగు రోజుల్లో కూలి వదులుకుని ఎవరొస్తారు చెప్పండి. అందుకే కాస్త పొలం ఉండి, ఇంట్లో సాగనిచ్చేవాళ్లే లీడర్లవుతారు, కాలనీలో కూలికి పోయే మనిషి పదిహేనేళ్లయినా సభ్యురాలిగానే మిగిలిపోతుంది. రెండేళ్లకోసారి లీడర్లు మారాలని గ్రూపులు రాసుకుంటాయి, కానీ బ్యాంకు పని తెలిసింది ఒక్కరికే కాబట్టి ఆమే కొనసాగుతుంది. పోయిన కూలి లెక్కకట్టి ఇవ్వండి, చంటిపిల్లల తల్లి అయితే పిల్లని చూసుకునే మనిషికి కూడా ఇవ్వండి. ఫొటోలో పడే ఖర్చు కాదు గనక దీనికి ఎవరూ ముందుకు రారు.

ఒక సంగతి చెప్తాను. ఒక ఊళ్లో ఎస్సీ కాలనీ ఆమె మొదటిసారి తీర్మానాల పుస్తకం తనే చదువుతానంది. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఒక పేజీకి అరగంట పట్టింది. టీలు చల్లారిపోయాయి, ఎవరూ లేవలేదు. పక్కనున్నామె అందుకోబోతే మిగతావాళ్లు ఆపారు. మూడేళ్లకి ఆమె మండల సమాఖ్యలో కోశాధికారి అయింది. ఆ అరగంట ఓపిక పట్టగలిగే డబ్బు కావాలి మాకు.

పద్దు_పుస్తకం:

వృత్తిరీత్యా ఆడిటర్ని. పంపేముందు ఒక విషయం చూసుకోండి. మీ పద్నాలుగు మందిలో ఇండియన్ పాస్‌పోర్టు ఎందరికి, అమెరికా పాస్‌పోర్టు ఎందరికి? ఇండియన్ పౌరులు తమ సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు మన ఊరివాళ్లే అయినా, ఓసీఐ కార్డు ఉన్నా, వాళ్ల డబ్బు విదేశీ విరాళమే. అది విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉన్న సంస్థకే వెళ్లాలి, ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదలాయించడానికీ లేదు, పాలనా ఖర్చులు 20 శాతం దాటడానికీ లేదు. రెండు రకాల డబ్బూ ఒకే ఖాతాలో కలిపేసి పంపకండి. పోయినసారి ఎలా పంపారో కూడా ఒకసారి చూపించుకోండి.

కాటా_అక్క:

నేను గ్రామ సంఘం, అంటే ఊళ్లోని డ్వాక్రా గ్రూపులన్నీ కలిసిన సంఘం అధ్యక్షురాల్ని, పల్నాడు వైపు. ఫోన్లో మాట్లాడుతుంటే అదే టైపవుతోంది, తప్పులుంటే ఏమనుకోకండి.

చెల్లీ, నీ మిషన్ల కథ చదివి నాకు కోపం రాలేదు, బాధేసింది. మీరు మా మంచి కోరే పంపారు. కానీ మమ్మల్ని అడగలేదు కదా. ఏం కొనాలో అక్కడే రాసేసి, వచ్చి తీసుకోమంటే ఇక మేం నిర్ణయించేది ఏముంది?

మా సంఘం సొంత డబ్బుతో ఏం కొన్నదో చెప్తా. కాటా. మిరపకాయలు, కందులు కొనడానికి ఊళ్లోకి వచ్చే దళారీ తన కాటా తనే తెస్తాడు. బస్తాకి రెండు కిలోలు తేడా ఉంటుందని అందరికీ తెలుసు, ఎవరూ అడగరు, ఎందుకంటే సగం మందికి అతని దగ్గరే అప్పు. మేం మూడు మీటింగులు దెబ్బలాడుకున్నాం, డబ్బు వడ్డీకి తిప్పుకుంటే పోయేదానికి ఇనుప సామానెందుకని నన్ను తిట్టినవాళ్లున్నారు. చివరికి తీర్మానం రాసి ఎలక్ట్రానిక్ కాటా కొన్నాం. మొదటి రోజు దళారీ మా కాటా మీద బస్తా పెట్టనన్నాడు. రెండో రోజూ అంతే. ఎవరమూ సరుకు ఇవ్వలేదు, బస్తాలు అరుగుల మీదే ఉన్నాయి, రాత్రి మబ్బు పట్టింది, వాన పడితే మొత్తం పోతుందని నాకు చెమటలు పట్టాయి. మూడో రోజు వచ్చి తూచాడు. ఇప్పుడు బస్తాకి ఐదు రూపాయలు సంఘానికి వస్తుంది. ఆ మూడు రోజుల్లో మాకు వచ్చిన ధైర్యం ఏ హోటల్లో మీటింగు పెట్టినా రాదు చెల్లీ.

ఇంకోటి. ఇప్పుడు అన్నీ ఫోన్లోనే అయిపోయాయి, లెక్కలు కూడా యాప్‌లోనే. ఆ ఫోన్ ఇంట్లో మొగుడి దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. పుస్తకం ఉన్నప్పుడు నా కళ్లతో చూసుకునేదాన్ని. లీడర్లకి సొంత ఫోను, దాంట్లో లెక్క చూసుకోవడం నేర్పే మనిషి, ఇవి రెండూ చాలా ముఖ్యం. వేరే జిల్లా చూడ్డానికి తీసుకెళ్తే రాత్రి ఉండేచోట తలుపుకి గడియ, బాత్‌రూమ్ సరిగ్గా ఉండాలి. అవి లేకే మా ఇళ్లలో పంపరు.

జొన్నచేను:

అక్కా, కాటా సంగతి చదివి చాలా సంతోషమేసింది. నాది జహీరాబాద్ దగ్గర. మా దగ్గర డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువ మంది దళిత ఆడవాళ్లే, పాత చిరుధాన్యాల విత్తనాలు కాపాడింది వాళ్లే, 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. అడిగినామె "ఎన్నాళ్లివ్వాలి" అన్నారు కాబట్టి మాచనూరు సంఘం రేడియో సంగతి చెప్పాలి. యునెస్కో సాయంతో 1990ల చివర్లోనే స్టూడియో సిద్ధమైంది, కానీ ప్రసారానికి అనుమతి లేదు. స్వచ్ఛంద సంస్థలకి రేడియో పెట్టుకునే అవకాశం 2006 కమ్యూనిటీ రేడియో పాలసీతో వచ్చింది, మాచనూరులో ప్రసారం మొదలైంది 2008 అక్టోబరులో. దాదాపు పదేళ్లు. ఆ పదేళ్లూ వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. మైకు పట్టుకోవడం, ఎదుటి మనిషిని మాట్లాడించడం అప్పుడే నేర్చుకున్నారు. ఏడాదికో రిపోర్టు, రిపోర్టులో ఫలితం కనిపించాలి అనే దాత అయితే రెండో ఏడే వెళ్లిపోయేవాడు. మీరు ఐదేళ్లకి తక్కువ అనుకోవద్దు, ఏడాదికి కొంచెమే ఇవ్వండి.

వీలైతే ముల్కనూరు కూడా చూడండి, హన్మకొండ జిల్లా భీమదేవరపల్లి మండలం. అక్కడ ఆడవాళ్ల సహకార డెయిరీ ఉంది, 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతారు. సభ్యులూ, నడిపే బోర్డూ ఆడవాళ్లే. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల (మాక్స్) చట్టం కింద ప్రభుత్వ వాటా లేకుండా నడుచుకుంటుంది. అంతకుముందు ఆ ప్రాంతంలో పొదుపు సంఘాల్లో ఏళ్ల తరబడి లెక్క చూసినవాళ్లు ఉన్నారు కాబట్టి డెయిరీ పద్దు వాళ్లకి భయమనిపించలేదు. మీ ఖర్చుతో అక్కడికి పది మందిని తీసుకెళ్తే బాగుంటుంది, అయితే అధికార్లని కాకుండా రెండో లీడర్లని, కూలికి పోయేవాళ్లని తీసుకెళ్లండి.

ఒంగోలు_అమ్మాయి:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. రాత్రి మేం పద్నాలుగు మందిమీ కూర్చుని ఇవన్నీ పైకి చదువుకున్నాం. మూడు రోజుల శిక్షణ ఆలోచన మానేశాం. ఐదుగురివి అమెరికా పాస్‌పోర్టులు, వాళ్ల డబ్బు విడిగా తీసి ఆడిటర్ గారు చెప్పిన దారిలోనే పంపుతాం. మిగతాది ఏడాదికి రెండు లక్షల లోపే. మొదటి ఏడాది కూలి నష్టం, పిల్లల్ని చూసుకునే మనిషి, ముల్కనూరు ప్రయాణం. ఇది కూడా మేం అనుకున్నదే కాబట్టి ముందు మా ఊరి గ్రామ సంఘం ముందు పెడతాం, వాళ్లు వద్దంటే మార్చుకుంటాం.

అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది: "మిషన్లు ఇచ్చిన రోజు మీటింగులో కాలనీవాళ్లు ఎవరైనా మాట్లాడారా?" ఎంత గుర్తుచేసుకున్నా ఒక్కరూ గుర్తుకు రాలేదు నాకు.

కాటా అక్కా, జనవరిలో వస్తున్నాను. మీ సంఘం మీటింగులో ఒక మూల కూర్చోవచ్చా? మాట్లాడను, వింటాను.

కాటా_అక్క:

రా చెల్లీ. పండగ వారంలో మీటింగు ఉండదు, 20 తర్వాత పెట్టుకుంటాం. కందులు కూడా అప్పటికి ఇంటికొస్తాయి, తూకం చూద్దువుగాని. అమ్మని కూడా తీసుకురా.