ఆ మొగుడూపెళ్లాల కామెడీ సిరీస్ మీకూ మొహం మొత్తిందా?

గుంటూరు_టు_బెజవాడ:
రోజూ ఆర్టీసీ బస్సులో ఆఫీసుకి వెళ్తూ యూట్యూబ్‌లో ఆ సిరీస్ చూడటం నాకు అలవాటు. మొదటి సీజన్‌కి పక్క సీటాయన తిరిగి చూసేలా నవ్వాను. ఇప్పుడేమో మంగళగిరిలో బస్సు ఆగేసరికి మొగుడు అబద్ధం ఆడతాడు, ఫ్రెండు దిక్కుమాలిన సలహా ఒకటి ఇస్తాడు, కనకదుర్గ వారధి ఎక్కేసరికి పెళ్లానికి దొరికిపోతాడు. అప్పుడు అత్తగారి మొహం మీదకి మూడు జూమ్‌లు, మూడుసార్లు అదే డప్పు చప్పుడు. నటులు మంచివాళ్లు, మాటలు మన యాసలోనే ఉంటాయి. అందుకే మనసుకి కష్టంగా ఉంది. ఇష్టపడి చూసినవాళ్లు ఎక్కడ ఆపేశారో చెప్పండి.

పటమట_అక్క:
మేం అత్తాకోడళ్లం కలిసే చూసేవాళ్లం. రెండో సీజన్ మధ్యలో అత్తయ్య "ఇప్పుడు ఫోన్ మోగుద్ది చూడు" అన్నారు. మోగింది. ఆ రోజు ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత వారం కూడా సరిగ్గా అక్కడే మోగేసరికి ఆవిడ చపాతీ పిండి కలపాలని లేచి వెళ్లిపోయారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ పెళ్లాం పాత్ర. మొదట్లో ఆ అమ్మాయి బ్యాంకు పరీక్షలకి చదివేది, పుస్తకం ఒళ్లో పెట్టుకునే కూర తరిగేది. ఆ పుస్తకం ఏమైపోయిందో! ఇప్పుడు నడుం మీద చెయ్యేసుకుని గుమ్మంలో నిలబడటం తప్ప ఆ పిల్లకి వేరే పనే లేదు.

బ్రాడీపేట_కుర్రాడు:
ఒకటే ఫార్మాట్ అయితే తప్పేంటండీ? జెమినీ టీవీలో "అమృతం" 2001 నుంచి 2007 దాకా నడిచింది. అమృతం, ఆంజి ఏదో ప్లాన్ వేస్తారు, అది బెడిసికొడుతుంది. మూడొందలకు పైగా ఎపిసోడ్లు. అమృతం వేషానికి శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ఇలా మనుషులు మారినా మా ఇంట్లో ఒక్క ఆదివారం వదల్లేదు.

నాటకాల_సత్యనారాయణపురం:
బాబూ, మంచి ఉదాహరణ తెచ్చావు. ఆంజిగా వేసిన గుండు హనుమంతరావు గారు మన బెజవాడ మనిషే, నాటకాల్లోంచి వచ్చినవారే. ఆయన్ని జాగ్రత్తగా చూడు. ప్లాన్ బెడిసికొడుతుందని మనకి తెలుసు, ఆంజికి తెలీదు. ఈసారి దశ తిరిగినట్టేనని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఈ సిరీస్‌లో మొగుడికి దొరికిపోతానని ముందే తెలుసు. అబద్ధం ఆడేటప్పుడు కెమెరా వంక ఒక చూపు చూస్తాడే, అక్కడే బయటపడిపోతుంది. పాత్రకే ఆశ లేకపోతే మనకి ఆత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటికలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఒకటే సెట్టు, నలుగురో ఐదుగురో మనుషులు, గంటసేపు. అక్కడ జనం ఎదురుగానే ఉంటారు కాబట్టి ఏ మాట దగ్గర నవ్వు రాలేదో నటుడికి అప్పటికప్పుడు తెలిసిపోతుంది. తర్వాతి ప్రదర్శనకి ఆ మాట ఉండదు.

ఎడిటింగ్_గవర్నర్‌పేట:
మాస్టారూ, యూట్యూబ్‌లోనూ తెలుస్తుందండి, కాకపోతే వేరేలా. జనం ఎక్కడ వదిలేశారో, ఎక్కడ వెనక్కి జరుపుకుని మళ్లీ చూశారో గ్రాఫులో కనిపిస్తుంది. నేను పనిచేసిన ఒక కామెడీ ఛానల్లో గొడవ సీన్ దగ్గరే గీత పైకి లేచేది. ఇంకేముంది, ప్రతి ఎపిసోడ్లో గొడవ ఉండాల్సిందే అన్నారు. ఎపిసోడ్ సగంలో మానేసినవాళ్లు గ్రాఫులో కనిపిస్తారు. అసలు నొక్కడమే మానేసిన పటమట అక్క వాళ్ల అత్తయ్య అందులో ఉండరు.

ఇంకోటి, వీడియో కనీసం 8 నిమిషాలుంటేనే మధ్యలో యాడ్స్ వేసుకోవచ్చు. ఇదివరకు 10 ఉండేది, 2020లో తగ్గించారు. నిడివి పెరిగేకొద్దీ యాడ్స్‌కి చోటు పెరుగుతుంది. ఆ మూడు జూమ్‌లు అందుకే. నేనే ఎన్నో పెట్టాను, ప్రతిదానికీ ప్రొడ్యూసర్ పక్కన కూర్చుని "ఇంకొంచెం లాగు" అనేవాడు.

గుంటూరు_టు_బెజవాడ:
అన్నా, ఈ సంగతి నాకు తెలీదు. మరి బాగున్న ఎపిసోడ్‌ని మళ్లీ మళ్లీ చూస్తే ఏమన్నా మారుద్దా?

ఎడిటింగ్_గవర్నర్‌పేట:
చివరిదాకా చూడాలి తమ్ముడూ. కామెంట్ కూడా పెట్టు, మా దగ్గర అవి చదివేవాళ్లు.

పటమట_అక్క:
అయితే అత్తగారు స్కూటీ నేర్చుకునే ఎపిసోడ్ చూడండి. అందులో అబద్ధం లేదు, గొడవ లేదు. ఆవిడ బ్రేకు వదలడానికి భయపడి రెండు కాళ్లతో నేలని తోసుకుంటూ వీధి చివరిదాకా వెళ్తుంది, వెనకాల కోడలు పరిగెడుతుంది. మా అత్తయ్యని పిలిచి మళ్లీ వేశాను, మొత్తం చూశారు. ఇలాంటివే తియ్యండని కింద రాసి వచ్చాను. మీరూ రాయండి.