తెలుగు మీడియం నుంచి తాంబరం క్రిస్టియన్ కాలేజీకి వెళ్తున్నా, ఈ మూడేళ్లు పూర్తిగా ఎలా వాడుకోవాలి?

కావలి_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లెటూరు. గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం బైపీసీ చదివాను, నీట్‌లో ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్ కోచింగ్‌కి డబ్బు పెట్టే స్థోమత మా ఇంట్లో లేదు. చెన్నై శివారు తాంబరంలో ఉన్న మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో బీఎస్సీ ప్లాంట్ బయాలజీ సీటు వచ్చింది, హాస్టల్ కూడా దొరికింది. మా నాయన కౌలు రైతు. ఆయన ఒకటే మాట అన్నాడు, "ఊరికే డిగ్రీ కాయితం కోసమైతే కావలిలోనే చదవచ్చు గదరా, అంత దూరం పోతున్నావంటే అక్కడ ఇంకేం దొరుకుతుందో చూసుకుని తెచ్చుకో" అని. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. అక్కడ ఏమేం ఉంటాయో, ఏది ఎప్పుడు అడగాలో చెప్పేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు, డిగ్రీకి వెళ్తున్న మొదటివాణ్ణి నేనే. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది కానీ మాట్లాడలేను, తమిళం అసలు రాదు. ఇంకోటి, మేం హిందువులం, మతం గురించి ఏమన్నా బలవంతం ఉంటుందా అని అమ్మ భయపడుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బలుసాకు:
తమ్ముడూ, నేను అదే కాలేజీలో అదే డిపార్ట్‌మెంట్‌లో చదివాను, నాదీ తెలుగు మీడియమే, ఒంగోలు వైపు. నీ పోస్ట్ చదువుతుంటే నేను సెంట్రల్‌లో దిగి పార్క్ స్టేషన్‌కి నడిచి లోకల్ రైలెక్కి తాంబరంలో పెట్టె మోసుకుంటూ దిగిన రోజు గుర్తొచ్చింది.

ముందు ఇంగ్లీషు సంగతి. నీకు సబ్జెక్టు రాకపోవడం కాదు, పేర్లు రావు అంతే. దారువు అంటే జైలమ్ అని, పోషక కణజాలం అంటే ఫ్లోయమ్ అని, పత్రరంధ్రాలంటే స్టొమాటా అని ఒక నోట్‌బుక్‌లో ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లీషు రాసుకుంటూ పో. నేను రోజుకి పది చొప్పున రాశాను, దసరా సెలవులకి ఇంటికొచ్చేసరికి క్లాసులో చెప్పేది చెప్పినట్టు అర్థమవడం మొదలైంది. మాట్లాడటం మాత్రం పుస్తకంతో రాదు, హాస్టల్‌లో మనవాళ్లని వెతుక్కుని వాళ్లతోనే తిరిగితే మూడేళ్లయినా రాదు. మొదటి ఏడాది తమిళ, మలయాళీ పిల్లలతో ఉండు. తమిళం గురించి భయపడకు, మా టైంలో తమిళం చదవని వాళ్లకి బేసిక్ తమిళ్ అని ఒక పేపర్ ఉండేది, లాంగ్వేజ్ పేపర్‌గా వేరే భాష తీసుకోవచ్చు, నీకు ఏవి ఉన్నాయో అడ్మిషన్ రోజే అడిగి రాయించుకో.

అసలు విషయం ఏంటంటే ఆ క్యాంపసే నీకు పెద్ద ల్యాబ్. 365 ఎకరాలు, దాంట్లో చాలా భాగం పొదల అడవి, జింకలు తిరుగుతుంటాయి. కాలేజీ 1937లో టౌన్ నుంచి తాంబరం వచ్చింది, కెమిస్ట్రీ చెప్పిన ఎడ్వర్డ్ బార్న్స్ గారూ ఆయన భార్యా పట్టుబట్టి అక్కడ చెట్లు పెంచారని సీనియర్లు చెప్పేవాళ్లు. ఫస్టియర్‌లో ఒకరోజు హెర్బేరియం (మొక్కల్ని ఎండబెట్టి షీట్లకి అంటించి పేర్లు రాసి దాచేది) కోసం కొమ్మలు కోస్తుంటే ముళ్లతో చిన్న ఆకుల పొద ఒకటి కనపడింది, చూడగానే మా అమ్మమ్మ గుర్తొచ్చి "ఇది బలుసు కదా" అని పైకే అనేశాను. మేడమ్ ఆగి, ఆ పేరు మళ్లీ చెప్పించుకుని, మీ ఊళ్లో దీన్ని దేనికి వాడతారు అని అడిగారు. ఆకు కూరగా వండుతారని, బతికుంటే బలుసాకు తినొచ్చనే సామెత ఉందని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నా షీట్ మీద శాస్త్రీయ నామం, తమిళ పేరు కింద తెలుగు పేరు కూడా నా చేతే రాయించారు. ఆ రోజు నుంచి నేను ఆవిడ గది తలుపు తట్టడానికి భయపడలేదు. సెకండియర్‌లో దేశంలోని సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చేసినప్పుడు టీచర్ సిఫారసు ఉత్తరం కావాలన్నారు, ఆ ఉత్తరం ఆవిడే రాశారు. రెండు నెలలు పెద్ద ల్యాబ్‌లో పని, స్టైపెండ్ ఇస్తారు, అప్లికేషన్లు చలికాలం మొదలయ్యేసరికే పడతాయి కాబట్టి అక్టోబర్ నుంచే అకాడమీ సైట్ చూస్తూ ఉండు. నిన్ను ఎరగని టీచర్ నీ గురించి ఏం రాస్తారు చెప్పు, అందుకే ఫస్టియర్‌లోనే పరిచయం అవ్వు.

గుంటూరు_మాస్టారు:
బాబూ, నేను గుంటూరులో ఒక క్రిస్టియన్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిలాసఫీ చెప్పి రిటైరయ్యాను. మీ అమ్మగారికి ఇది చదివి వినిపించు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఎం.ఏ. చదివింది నువ్వు వెళ్తున్న ఆ కాలేజీలోనే. మిషనరీలు హిందూ మతం మీద చేసిన విమర్శలు విని ఆయన నొచ్చుకున్నారు, నొచ్చుకుని ఊరుకోలేదు, మన గ్రంథాలు తీసి చదివారు, 1908లో వేదాంతంలోని నీతి మీదే థీసిస్ రాశారు. ఆయనకు పాఠం చెప్పిన ఏ.జి.హాగ్ అనే స్కాట్లండ్ ప్రొఫెసర్ ఆ థీసిస్‌ని మెచ్చుకుంటూ రాసిచ్చారు. మనవైపు కూడా ఇది కొత్తేం కాదు, బందరు నోబుల్ కాలేజీ 1843 నాటిది, గుంటూరు ఏసీ కాలేజీ 1885 నాటిది, ఎన్టీఆర్ చదివింది అక్కడే. అన్ని మతాల పిల్లలూ ఈ కాలేజీల్లో చదువుకుని పైకొచ్చారు. ప్రార్థన ఉంటుంది, క్రైస్తవ పిల్లలకి బైబిల్ క్లాసు ఉంటే మిగతావాళ్లకి నీతి పాఠాల క్లాసు ఉంటుంది, మేం చెప్పినన్నాళ్లూ అలాగే నడిచింది. ఆ క్లాసు ఎగ్గొట్టకు, అక్కడ కూర్చుని నీకు తోచింది అడుగు. ఒప్పుకోని విషయం మీద మర్యాదగా వాదించడం ఆ వయసులో నేర్చుకుంటే ఇంటర్వ్యూల్లోనూ పనికొస్తుంది, ఇంట్లోనూ పనికొస్తుంది.

చలం_నెల్లూరు:
బ్రో, డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మన ఏపీ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోకు, అది మన రాష్ట్రంలోని కాలేజీలకే. నీకు సూటయ్యేది సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్, ఇంటర్ బోర్డులో నీ గ్రూపులో పైన ఇరవై శాతంలో ఉండాలి, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండాలి, డిగ్రీకి ఏడాదికి 12,000 వస్తుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నువ్వు అప్లై చేశాక కాలేజీ వాళ్లు వెరిఫై చెయ్యాలి, అక్కడే దెబ్బ తగులుతుంది. నేను చదివిన కాలేజీలో (పేరు వద్దులే) ఆఫీసులో నా ఫారం వెరిఫై చెయ్యకుండా వదిలేశారు, నేను కూడా పోయి అడగలేదు వాళ్లే చేస్తార్లే అనుకుని, డేట్ అయిపోయింది, రెండో ఏడాది ఫీజుకి మా అమ్మ కమ్మలు తాకట్టు పెట్టింది. ఆ కమ్మలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. అందుకని నువ్వు అప్లై చేసిన వారానికే ఆఫీసుకి పోయి స్టేటస్ చూపించమని అడుగు, ప్రతి ఏడూ రెన్యువల్ ఉంటుంది, దానికి 75 శాతం అటెండెన్స్, 50 శాతం మార్కులు కావాలి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇక్కడే తీసుకునిపో, చెన్నై నుంచి దానికోసం రాలేవు.

ఇంకోటి, తాంబరం నుంచి బీచ్ లోకల్ ఎక్కితే అదే లైన్లో ఎగ్మూరు వస్తుంది, అక్కడ కన్నెమెరా లైబ్రరీ ఉంది, 1896లో తెరిచింది, దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ వచ్చే నాలుగు లైబ్రరీల్లో అదొకటి. తెలుగు పుస్తకాలు కూడా ఉంటాయి, ఇంటి మీద బెంగ పుడితే అక్కడికి పో. నేను ఆదివారాలు అక్కడే బతికా.

కావలి_కుర్రోడు:
అక్కా, మాస్టారూ, చలం అన్నా, ఏం చెప్పాలో తెలియట్లేదు. మాస్టారు రాసింది అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత పచ్చళ్లు ఏ డబ్బాల్లో పెట్టాలో అడిగింది. ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కి రేపు మా ఊరి సచివాలయానికి పోతున్నా. ఒక్క డౌట్ అక్కా, టీచర్ గది తలుపు తట్టాక మొదట ఏం అనాలి? ఊరికే పరిచయం కోసం వచ్చానంటే బాగుండదేమో.

బలుసాకు:
ఊరికే పోకు, చేతిలో ఏదో ఒకటి పట్టుకుపో. మొక్క గానీ, అర్థం కాని పేజీ గానీ. "ఇది ఇంతవరకు అర్థమైంది మేడమ్, ఇక్కడ ఆగిపోయాను" అను, ఆ ఒక్క వాక్యం ముందే నోటికి పట్టేసెయ్. మొక్కైతే న్యూస్‌పేపర్ మడతలో సర్ది పైన బరువు పెట్టు, పేపర్ రోజూ మార్చు, వానాకాలం రెండుపూటలా మార్చాలి లేకపోతే బూజు పడుతుంది. ఎక్కడ కోశావో, తేదీ, ఊళ్లో పేరు అప్పటికప్పుడే రాసి పెట్టు.

కావలి_కుర్రోడు:
అక్కా, నిన్న సాయంత్రం నాయనతో పొలం గట్టు మీద తిరిగాను. తుమ్మి, ఉత్తరేణి, పల్లేరు, గుంటగలగర, తుత్తురబెండ... పద్నాలుగు పేర్లు చెప్పాడు, ఏది ఏ రోగానికో కూడా చెప్పాడు, అన్నీ రాసుకున్నా. ఇన్నేళ్లూ నేను ఎప్పుడూ అడగలేదు. ఒక్కదానికి మాత్రం ఆయనకీ పేరు తెలియలేదు, నీలం పూలు, కాలువ పక్కన ఉంది. కొమ్మ తుంచి పేపర్లో పెట్టా, పైన బియ్యం డబ్బా పెట్టా.