పది రోజుల ముందే తుపాను మ్యాపులు పెట్టే పేజీలను ఆపాలా, వద్దా?

షామియానా_గోపాలపట్నం

ముందే చెబుతున్నా, కోపం మీదే రాస్తున్నా. మాది టెంట్‌హౌస్, వంటలు కూడా ఒప్పుకుంటాం. మొన్న కార్తీకంలో భీమిలి రోడ్డులో ఒక తోటలో వనభోజనాలు, మూడొందల మంది. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు ఒక వాతావరణ పేజీలో మ్యాపు వచ్చింది. బంగాళాఖాతం నడిమధ్య ఎర్రగా, ఊదాగా ఒక సుడి, దాని ముక్కు తెచ్చి వైజాగ్ మీద పెట్టారు. కింద 'ఉత్తరాంధ్రకు పెను ముప్పు?' అని. ఆ ప్రశ్నార్థకం ఎవరు చూస్తారండీ? సాయంత్రానికల్లా అది మా పార్టీ వాళ్ల ఫ్యామిలీ గ్రూపులో తిరిగేసింది. పొద్దున్నే ఫోన్. "ఎందుకొచ్చిన గొడవ, వద్దులెండి."

వంటవాళ్లకిచ్చిన అడ్వాన్సు పోయింది, కూరగాయల బండికిచ్చింది పోయింది. ఆ ఆదివారం ఎలా ఉందంటే, ఖాళీగా ఉన్నాం కదా అని షామియానా గుడ్డలు ఉతికి గోడౌన్ డాబా మీద ఆరేశాం. గంటన్నరలో పెళపెళలాడిపోయాయి.

తర్వాత వాతావరణ శాఖ వాళ్ల పాత బులెటిన్ తీసి చూశాను. 'ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడే అవకాశం' అని ఉంది, అంతే. తుపాను అన్న మాటే లేదు.

నా ప్రశ్న ఒకటే. డిగ్రీ లేదు, డ్యూటీ లేదు, తప్పితే నిలదీసేవాడు లేడు. ఇలాంటివాళ్లు 'తుపాను' అన్న మాట వాడకుండా ఆపాలా, వద్దా? ఆపాలని నా ఓటు.

జాలారిపేట_కళాసీ

ఆపేత్తే మా గతేటి?

మీ గుడ్డలు ఆరిపోనాయి, సంతోసం. మా సంగతి ఇనండి. ఫైబరు బోటు మీద నలుగురం ఎల్తాం. పైనుంచి మాటొత్తే ఎలగుంటాది? 'మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.' ఏ ఊరికి, ఏ గంటకి, ఒడ్డుకి ఎంత దూరంలో, ఏటీ ఉండదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఒకటే మాట. నాలుగు రోజులు బోటు ఇసక మీద. అందులో మూడు రోజులు సముద్రం సెరువునాగ ఉంటాది, మావు ఒడ్డున కూకుని వలలు బాగుసేసుకుంటాం.

ఆ పేజీ కుర్రోడు అలగ కాదు. 'అన్నా, బుధవారం మద్దేనం దాకా పర్లేదు, ఆ తరవాత గాలి లెగుత్తాది' అని రాత్తాడు. రాత్రి పదింటికి అడిగినా పలుకుతాడు. బులెటిన్ పలుకుతాదా?

ఏట నిసేదం 61 రోజులకీ బృతి ఇత్తన్నారు కదా. మరి ఎచ్చరిక పేరు సెప్పి కట్టేసిన రోజులకి ఎవులిత్తారు? ఆ సంగతి తేల్చండి ముందు.

అల్లిపురం_లాయరు

కొత్తగా ఆపేదేముంది, చట్టం ఎప్పుడో ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం, 54వ సెక్షన్. విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక చేసి లేదా చేరవేసి జనాన్ని బెదరగొడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా. 'చేరవేసి' అన్నది గమనించండి. షామియానా గారి పార్టీ వాళ్ల ఫ్యామిలీ గ్రూపు కూడా అందులోకే వస్తుంది.

కంచరపాలెం_గురువు

హహ, అయితే మా అత్తగారు లోపలికే.

గురూ, న్యాయంగా మాట్లాడుకుందాం. లెహర్ గుర్తుందా? 2013 నవంబరు. సముద్రంలో అతి తీవ్ర తుపాను, మచిలీపట్నం మీదికి వస్తోందని రాష్ట్రం మొత్తం ఊపిరి బిగబట్టుకుంది. తీరా 28న ఒడ్డు చేరేసరికి వట్టి వాయుగుండం. 2021 డిసెంబరులో జవాద్. స్కూళ్లకు సెలవులు, రైళ్లు రద్దు, టీవీల్లో బీచ్ రోడ్డు నుంచి లైవులు. అది మన దగ్గరికి రాకుండానే నీరసించి, పూరీ వైపు వాయుగుండంగా చేరింది. సర్కారు వారు తప్పితే 'బలహీనపడింది' అంటాం. పేజీ వాడు తప్పితే జైలా?

సీతమ్మధార_పిన్ని

బాబూ గురువూ, బలహీనపడితే సంతోషించాలి గానీ దెప్పుతారా?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. విశాఖ దగ్గరే తీరం దాటుతుందని రెండు మూడు రోజుల ముందే ఊరి పేరు పెట్టి చెప్పారు. అలాగే దాటింది. పొద్దున్నంతా ఒక వైపు నుంచి గాలి. కిటికీ అద్దానికి పరుపు ఆనించి, దాని మీద వీపు పెట్టి కూర్చున్నాను. తలుపు సందులోంచి నీళ్లు కాదు, నురగ లాంటి తుంపర వచ్చేది. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగింది. మా మరిది హమ్మయ్య అనుకుని బండి ఉందో పోయిందో చూస్తానని మెట్లు దిగాడు. మధ్యలో ఆగితే అది తుపాను కన్ను, బయటికి రావద్దు, మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొడుతుంది అని రేడియోలో ముందు రోజే విన్నాను. గొంతు పోయేలా అరిచాను. అతను వెనక్కి తిరిగి ఆఖరి మెట్టు మీద ఉండగానే రెండో గాలి మొదలైంది. గేటు దగ్గరి నిద్రగన్నేరు అడ్డంగా పడింది. బండి దాని కిందే ఉంది.

ఆ గాలికి ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. కైలాసగిరి మీద తుపానుల్ని చూసే రాడార్ కూడా దెబ్బతింది. ఇక మన రేకుల షెడ్లెంత! 1977లో దివిసీమ వాళ్లకు ఇలా ఊరు పేరు పెట్టి, గంట పెట్టి చెప్పినవాళ్లుంటే పదివేల మంది పైన పోయేవారా?

నాకు ఆ కన్ను సంగతి చెప్పింది పేజీ వాళ్లు కాదు. అంతే నేను చెప్పేది.

ఎంవీపీ_మెట్

ఆంధ్రా యూనివర్సిటీలో మెటియొరాలజీ, ఓషనోగ్రఫీ విభాగంలో ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు చేసేది వేరే ఉద్యోగం, కాబట్టి ఎవరి తరఫునా వకాల్తా లేదు. కానీ ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలగాపులగం అయిపోతున్నాయి: అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయన్నది ఒకటి, వాటితో ఎన్ని రోజుల ముందు దాకా చెప్పొచ్చన్నది ఇంకొకటి.

చదివే రోజుల్లో ఒకసారి వాతావరణ శాఖ వాళ్లు బెలూన్ వదలడం చూడ్డానికి తీసుకెళ్లారు. ఇంకా తెల్లారలేదు, ఐదు కూడా కాలేదు. హైడ్రోజన్ నింపుతుంటే ముడుచుకుని పడున్న రబ్బరు మెల్లగా లేచి మనిషి ఎత్తు దాటింది. మా ఫోన్లు బయటే పెట్టించారు, నిప్పురవ్వ చాలు కదా. కింద దారానికి ఒక చిన్న తెల్ల పెట్టె, పిల్లల టిఫిన్ డబ్బా కంటే తేలిక. ఆ ఉద్యోగి దాన్ని రెండు చేతులతో పట్టుకుని గాలి ఎటుందో చూసుకుని, నాలుగు అడుగులు పరుగెత్తి వదిలాడు. మేం పైకి చూస్తుండగానే ఆయన లోపలికెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, ఆయనకు రోజూ ఉన్నదే. ఉష్ణోగ్రత, తేమ, పీడనం అంకెలుగా రావడం మొదలైంది. బెలూన్ ఎటు కొట్టుకుపోతోందో దాన్ని బట్టి ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో ఉందో తెలుస్తుంది. దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తుకు పోయి పగిలిపోతుంది.

మన ఐదున్నర అంటే గ్రీన్‌విచ్‌లో సున్నా గంటలు. ఆ వేళకు ప్రపంచమంతా వందల చోట్ల ఇలాగే లేస్తాయి. ఆ అంకెలు, వాటితో పాటు ఉపగ్రహాలవి, ఓడలవి, విమానాలవి కలిస్తేనే యూరప్ వాళ్ల మోడలైనా (రాబోయే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్), అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ అయినా, మనదైనా నడిచేది. పేజీ కుర్రాడి రంగుల మ్యాపుకు మొదలు వాల్తేరులో నిద్ర మానుకున్న ఆ మనిషి. ఇది ఎవరూ రాయరు, అందుకే కాస్త ఎక్కువ రాశాను.

ఇక తొమ్మిది రోజుల మ్యాపు. యూరప్ మోడల్‌ను ఒక్కసారి నడిపి వదిలేయరు. మొదటి అంకెల్లో చిన్న చిన్న తేడాలు పెట్టి యాభై సార్లకు పైగా నడుపుతారు, ఒక్కోసారికి తుపాను దారి ఒక్కో గీతగా వస్తుంది. రెండో రోజు దాకా ఆ గీతలన్నీ కట్టిన చీపురులా ఒక్క దగ్గరే ఉంటాయి. తొమ్మిదో రోజుకు కట్టు విప్పిన చీపురే. ఒక పుల్ల చెన్నైకి, ఒకటి బర్మాకి, కొన్నిట్లో అసలు తుపానే ఉండదు. అందులోంచి వైజాగ్ వైపున్న ఒక్క పుల్లను పీకి 'పెను ముప్పు' అని రాయడం తప్పు, అందులో సందేహం లేదు. ఒక్క రోజు ముందు కూడా తుపాను దారిలో సగటున 70, 80 కిలోమీటర్ల తేడా మామూలే. ఇక్కణ్నుంచి విజయనగరం కూడా అంత దూరం లేదు.

గురువు గారికి: లెహర్ ముందు ఆ నెలన్నరలోనే ఫైలిన్, హెలెన్ వచ్చి సముద్రాన్ని చిలికేశాయి. పై నీళ్లు చల్లబడ్డాయి, దానికి తోడు పొడిగాలి లోపలికి చొరబడింది. తుపానుకు తిండి లేకపోయింది. అదే ఏడాది ఫైలిన్‌ను విదేశాల వాళ్లు సూపర్ సైక్లోన్ అంటుంటే మన వాళ్లు ఒప్పుకోలేదు, గంటకు 210, 220 కిలోమీటర్ల గాలి అన్నారు. గోపాలపూర్ దగ్గర దాదాపు అంతే కొట్టింది. అదీ అక్టోబరు 12నే, హుద్‌హుద్‌కు సరిగ్గా ఏడాది ముందు. తప్పిందే గుర్తుంటుంది మనకి.

జాలారిపేట_కళాసీ

మెట్ గారూ, సీపురు మాట బావుంది. అది బులెటిన్‌లో రాయొచ్చు కదా? పుల్లలన్నీ ఎటున్నాయో సెప్తే మావూ తేల్చుకుంటాం. మాకేటి లెక్క రాదా? సముద్రం మీద బతికినోళ్లకి?

ఎంవీపీ_మెట్

నిజమే అన్నా, అక్కడ లోపం ఉంది. రాస్తారు గానీ, రాసింది మన దాకా రాదు. ఒక ఉదాహరణ. బులెటిన్‌లో 'ఒకటి రెండు చోట్ల' అని ఉంటే అది ఊసుపోక రాసింది కాదు, దానికి కొలత ఉంది. ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లేదా అంతకంటే తక్కువ చోట్ల వాన. 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా. 'చాలా చోట్ల' అంటే సగం దాటి. 'భారీ' అంటే రోజుకు 64.5 మిల్లీమీటర్లు దాటాలి, 'అతి భారీ'కి 115.6, 'అత్యంత భారీ'కి 204.4 దాటాలి. టీవీ స్క్రోలింగులోకి వచ్చేసరికి 'ఒకటి రెండు చోట్ల' ఎగిరిపోయి 'విశాఖకు భారీ వర్షం' మిగులుతుంది. గాజువాకలో కుండపోత, మధురవాడలో ఎండ. మధురవాడ వాళ్లు తిట్టుకుంటారు.

ఆకాశం_అడ్మిన్

నేనూ ఒక పేజీ నడుపుతాను. షామియానా గారు చెప్పింది నాది కాదు, కానీ దులపరించుకుని పోను. పగలు బ్యాంకులో క్యాషియర్‌ని. తుపాను రోజుల్లో రాత్రి రెండింటి దాకా మెసేజ్‌లు. 'అన్నా, మా అమ్మ పలాసలో ఒంటరిగా ఉంది', 'అన్నా, రేపు మా ధాన్యం కళ్లంలో ఉంది'. వీళ్లకు వాతావరణ శాఖ వాళ్ల నాలుగు రంగుల హెచ్చరిక మ్యాపు చాలదు. 'మీ ఊరికి సాయంత్రం నాలుగు తర్వాత, కళ్లం మీద టార్పాలిన్ కప్పేయండి' అని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి ఆఫీసులో లేడు, వాళ్లకు చేతినిండా వేరే పని.

నా నియమాలు చెబుతాను, తిట్టేవాళ్లు తిట్టండి. ఐదు రోజులు దాటి ఏదీ పెట్టను. గాలి గంటకు 62 కిలోమీటర్లు చేరి, ఢిల్లీ వాతావరణ శాఖ వాళ్లు పేరు పెట్టేదాకా తుపాను అన్న మాట రాయను, వాయుగుండమే. తప్పిన పోస్టు తీసేయను, కింద 'తప్పాను' అని రాస్తాను. కిందటేడు అలాంటివి తొమ్మిదున్నాయి, లెక్కపెట్టుకోండి.

షామియానా_గోపాలపట్నం

ఇవి బాగున్నాయి. కానీ మీ అంతట మీరు పెట్టుకున్నవి. రేపు లైకులు తగ్గితే ఐదు రోజులు ఏడవుతుంది. ఎర్ర మ్యాపుకు వచ్చే షేర్లు పచ్చ మ్యాపుకు వస్తాయా?

ఆకాశం_అడ్మిన్

రావు. పదో వంతు కూడా రావు. అది నిజం.

కంచరపాలెం_గురువు

ఇదీ మాట. ఇప్పుడు చెప్పండి లాయరు గారూ, ఎర్ర మ్యాపు పెట్టినవాడికి ఏడాది అయితే, షేరు కొట్టిన వాళ్లకెంత?

అల్లిపురం_లాయరు

ఫీజు ఇస్తే చెబుతా.

సీతమ్మధార_పిన్ని

ఆపడం నా వల్ల కాదంటాను గానీ, 'తుపాను' అన్న మాట మాత్రం అధికారుల నోటే రావాలి. గాలి ఆగినప్పుడు మెట్లు దిగాలా వద్దా అన్నది ఒక్కరే చెప్పాలి. ఇద్దరు రెండు చెబితే మా మరిది తనకు నచ్చింది వినేవాడు.

జాలారిపేట_కళాసీ

మీరు మాటాడుకుంటండగానే కవురొచ్చినాది. పోర్టులో ఒకటో నంబరు ఎత్తినారంట. సరంగు బోటు తీద్దామా వద్దా అంటన్నాడు. మీలో ఎవులు సెప్తారు?

ఎంవీపీ_మెట్

ఒకటో నంబరంటే దూరంగా సముద్రంలో వాయుగుండం ఉందని. పోర్టుకు ఇప్పుడు ప్రమాదం లేదు. కానీ మీది పోర్టులో కట్టిన ఓడ కాదు అన్నా, ఫైబరు బోటు. రేపు పొద్దున్న బులెటిన్ చూడకుండా దూరం పోవద్దు.

ఆకాశం_అడ్మిన్

నేనింకా ఏమీ పెట్టలేదు. రాత్రి మోడల్ రన్ వచ్చాక చూస్తా.

షామియానా_గోపాలపట్నం

ఎన్నింటికి వస్తుంది అది? శనివారం నాకు మధురవాడలో పెళ్లి పని ఉంది.